సైనిక నివేదికలకు తాళాలెందుకు?

అయ్యా,

రెండో ప్రపంచ యుద్ధం ప్రస్తావన వస్తే మన పత్రికల్లో ఐసెన్‌హోవర్, ప్యాటన్, మెకార్థర్‌ల పేర్లే కనిపిస్తాయి. ఆ యుద్ధానికి లెక్కలు కట్టిన అమెరికా జనరల్ ఆల్బర్ట్ వెడెమయర్ గురించి మన పాఠకులకు తెలిసింది తక్కువ. ఆయన నివేదికకు పట్టిన గతి మాత్రం మన ప్రభుత్వాలు తెలుసుకోవలసింది.

1941 వేసవిలో ఆయన వాషింగ్టన్‌లో ఒక మేజర్. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. దిగితే ఎంత సైన్యం కావాలో తేల్చే పని ఆయనకు అప్పగించారు. దాదాపు 88 లక్షల మంది కావాలన్నారు. చివరికి ఆ సైన్యం 80 లక్షలు దాటింది. డివిజన్ల (వేల మందితో కూడిన సైనిక దళాల) లెక్క మాత్రం తప్పింది: 215 అన్నారు, 90తోనే పని జరిగిపోయింది. ఆ రహస్య ప్రణాళిక డిసెంబరు 4న, పెర్ల్ హార్బర్ దాడికి మూడు రోజుల ముందు, చికాగో ట్రిబ్యూన్‌లో అచ్చయింది. బెర్లిన్ సైనిక కళాశాలలో రెండేళ్లు చదివిన మనిషి, పైగా జర్మన్ పేరు. అనుమానం ఆయన మీద పడింది. ఎఫ్‌బీఐ విచారించింది, ఏమీ దొరకలేదు. తర్వాత మౌంట్‌బాటెన్ దగ్గర పనిచేసి, 1944లో అమెరికా జనరల్ స్టిల్‌వెల్ స్థానంలో చైనా వెళ్లారు.

1947లో అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ను చైనా, కొరియాల పరిశీలనకు పంపారు. అప్పట్లో కమ్యూనిస్టులతో పోరాడుతున్న చైనా నేత చియాంగ్ కై షేక్ ప్రభుత్వంలోని అవినీతిని ఆయన మొహమాటం లేకుండా రాశారు. సంస్కరణలు మొదలుపెడితే, అమెరికా పర్యవేక్షణలో సాయం చేయాలన్నారు. ఈశాన్య చైనాలోని మంచూరియాను అంతర్జాతీయ సంరక్షణలో పెట్టాలన్న సూచన చైనా వాళ్లకు మింగుడుపడేది కాదు, నిజమే. కానీ విదేశాంగ మంత్రి మార్షల్ నివేదిక మొత్తాన్నీ తొక్కిపెట్టారు. చైనా భాగం 1949 ఆగస్టులో బయటికొచ్చేసరికి చియాంగ్ ఓటమి ఖాయమైపోయింది. ఉత్తర కొరియా సైన్యంతో దక్షిణానికి ముప్పుందని చెప్పిన కొరియా భాగాన్ని అప్పుడూ ఆపేశారు. 1950 జూన్ 25న ఆ సైన్యం సరిహద్దు దాటింది. ఆ భాగం వెలుగు చూసింది 1951లో. ఆ పేజీలు ముందే జనానికి తెలిసి ఉంటే యుద్ధం ఆగేదని నేననను. కనీసం చర్చ జరిగేది.

ఆలస్యమైనా అమెరికా వాళ్లు నాలుగేళ్లలో బయటపెట్టారు. చైనా చేతిలో మన 1962 ఓటమిపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో ఇచ్చిన నివేదికను మన ప్రభుత్వాలు ఇప్పటికీ ప్రకటించలేదు. 2014లో కొంత భాగం ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అయినా ఏ పార్టీ అధికారంలో ఉన్నా ససేమిరా అంటోంది. చలికి తగిన బట్టలు కూడా లేకుండా నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్) కొండల్లో పోరాడిన జవాన్ల కుటుంబాలకు అందులో ఏముందో తెలుసుకునే హక్కు లేదా?

నేటికీ పనికొచ్చే రక్షణ వివరాలుంటే అవి తీసేసి, మిగతాది పార్లమెంటు ముందుంచాలి. వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న లేవనెత్తాలని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి