మత్తు విముక్తి కేంద్రాల్లో పొగ

సంపాదకులకు నమస్కారాలు.

మద్యం మాన్పించేందుకు మా తమ్ముణ్ణి కోనసీమలోని ఒక మత్తు విముక్తి కేంద్రంలో నెల రోజులు ఉంచాము. ఏనాడూ బీడీ ముట్టని అతడు, తోటి రోగులు వరండాలో వదిలే పొగను రాత్రింబవళ్లు పీల్చి, దగ్గుతో ఇంటికి వచ్చాడు. "మందు మానేస్తున్నవారికి అదైనా ఉండనివ్వండి" అని సిబ్బంది అన్నారు. ఆ జాలి నాకు అర్థమవుతుంది. కాని పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయని, వాటిలో పదుల కొద్దీ క్యాన్సర్ కారకాలని, పక్కవారు పీల్చే పొగకు సురక్షితమైన మోతాదు అంటూ లేదని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. లంక పొగాకు పండే, చుట్ట కాల్చడం తప్పుగా తోచని మన ప్రాంతంలో ఈ మాట చెవికెక్కడం కష్టమే. అయినా 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆసుపత్రి భవనాల్లో ధూమపానాన్ని నిషేధించి, 200 రూపాయల వరకు జరిమానా నిర్ణయించాయి. మద్యంతోపాటు పొగాకునూ మాన్పిస్తే చికిత్స చెడిపోతుందన్న భయాన్ని పరిశోధనలు బలపరచలేదు. కనుక జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు డెల్టాలోని ఈ కేంద్రాలను తనిఖీ చేసి, పొగ మానదలచినవారికి నికోటిన్ గమ్, కౌన్సెలింగ్ అక్కడే అందేలా చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అమలాపురం