కాలువలు కట్టేసిన ఈ నెలలోనే దెయ్యం చేపల్ని పట్టించండి సార్

మత్స్యశాఖ అధికారి గారికి నమస్కారం.

మొన్న మా పంట కాలువలో వల తీస్తే బొచ్చె చేపలు రెండే, మిగతావన్నీ దెయ్యం చేపలు. ఒళ్లంతా గట్టి పెంకు, రెక్కకు రంపం లాంటి ముల్లు. విడదీసేసరికి వల చిరిగింది, మా తమ్ముడి బొటనవేలు తెగింది. గట్టున పడేసినా గంటల తరబడి బతికే ఉన్నాయి. కొనేవాళ్లు లేరు.

ఇది దక్షిణ అమెరికా చేప. అక్వేరియంలో పాచి తింటుందని తెచ్చుకుని, పెరిగాక నీళ్లలో వదిలేశారు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. గట్టు జారితే వరి రైతుకీ నష్టమే, చెరువు రైతుకీ నష్టమే.

ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపేశారు. ఇప్పుడు ఇవన్నీ మడుగుల్లోనే ఉన్నాయి. మా మత్స్యకారులకు కూలి ఇచ్చి పట్టించండి, గోతులు తీసి పూడ్పించండి. కాలువలు వదిలితే మళ్లీ దొరకవు. షాపుల్లో వీటి అమ్మకం కూడా ఆపించండి సార్.