రేయ్ సత్తిగా, నాన్న రాత్రి భోజనం సంగతి

రేయ్ సత్తిగా,

నువ్వు మెసేజ్ పెట్టి ఇరవై రోజులైంది, తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, సారీరా. "అమ్మకి షుగర్ అన్నారు, మీ నాన్నకి రాత్రిపూట ఏం వండుతున్నావో రాయి" అన్నావు. మూడుసార్లు మొదలెట్టి ఆపేశా. వంటల లిస్టు ఒక్కటే రాసి అసలు సంగతి చెప్పకపోతే రేపు మీ ఇంట్లో కూడా అదే జరుగుతుందేమోనని భయం. అందుకే ఇవాళ పని పక్కన పడేసి కూర్చున్నా. చెల్లికి పాప పుట్టింది, ఇద్దరూ బావున్నారు, అమ్మ ఇంకో రెండు నెలలు పూనాలోనే. ఉద్యోగం ఇంటి నుంచే, తెనాల్లో ఎండలు మామూలే. కబుర్లు అయిపోయాయి.

అమ్మ వెళ్లిన వారానికి నాన్న ఎ1సి చేయిస్తే 9.2 వచ్చింది, అది మూడు నెలల షుగర్ సగటు లాంటిది కాబట్టి ఆ ఒక్కరోజు ఏదో తిన్నాడులే అనుకోడానికి లేదు. రాత్రి అన్నం తగ్గించండి అన్నారు డాక్టర్. నాన్న సంగతి నీకు తెలుసుగా, పప్పన్నం, కూరన్నం, చారన్నం, ఆఖర్న పెరుగన్నం, ఇందులో ఒకటి తగ్గినా భోంచేసినట్టే ఉండదు ఆయనకి. ఊరందరూ చేసేదే నేనూ చేశా, అన్నం ఆపి నాలుగు చపాతీలు, బంగాళదుంప కుర్మా. మొదటి ముద్ద పెట్టుకున్న దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కేసి వేలు గుచ్చితే 238! మర్నాడు జొన్నరొట్టెలు మూడు, 215. చిరుధాన్యం మంచిది కదా అని కొర్రన్నం కంచం నిండా పెట్టా, 229. నాన్న మెషీన్ పక్కకి నెట్టేసి "నాకేదీ పడట్లేదురా" అన్నాడు, ఆ మాట నాకు ఎంత బాధేసిందో.

ఆ రాత్రి పిండి ప్యాకెట్లు ముందేసుకుని కూర్చున్నా. గోధుమపిండి 100 గ్రాములుంటే అందులో 65, 70 గ్రాములు కార్బోహైడ్రేటే, ఒంట్లో షుగర్‌గా మారేది అదే, జొన్నపిండీ అంతే, బియ్యం 78 దాకా, కొర్రలు కూడా 60 పైనే. పీచు ఉండటం వల్ల కాస్త నెమ్మదిగా ఎక్కుతాయేమో గానీ కంచంలో ఎంత పడిందనేదే అసలు లెక్క. ఒక చపాతీకి 30 గ్రాముల పిండి అనుకున్నా దగ్గర దగ్గర 20 గ్రాములు, నాలుగంటే 80! ఇన్నాళ్లూ మేం మార్చింది పేరే.

అప్పుడు కంచాన్ని తిరగేశా. కూరే భోజనం, రొట్టె నంచుకోడానికి. బీరకాయ పెసరపప్పు, గోరుచిక్కుడు కొబ్బరి, పొట్లకాయ పెరుగుపచ్చడి, తోటకూర వేపుడు, గుత్తి వంకాయ, ఏదైనా సరే పెద్ద గిన్నెడు. దుంపలు మాత్రం రాత్రిపూట వద్దు, బంగాళదుంప, కంద, చేమ, చిలగడదుంప అన్నీ పక్కన. బలానికి పనీరు, లేకపోతే మీల్ మేకర్ నానబెట్టి నీళ్లు పిండేసి టమాటాతో కూర, లేకపోతే గుప్పెడు శనగ గుగ్గిళ్లు. పెరుగన్నం బదులు గడ్డపెరుగులో కీరా ముక్కలు, ఆవాలు, ఇంగువ తాలింపు. క్యాలీఫ్లవర్ తురిమి రెండు నిమిషాలు మగ్గించి చారు పోసి పెట్టా, దాన్ని తురుముతుంటే నాలుగో నంబర్ రూమూ, నీ హీటరూ, ఆ గిన్నె మూతా గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నా. ఇంకేం రాయను, మీ అమ్మ పక్కనుండి చదువుతుందేమో.

అన్నిట్లోకీ గెలిచింది మాత్రం పెసరట్టు. పొట్టు పెసలు ఆరు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బడమే, పట్టెడు బియ్యం కూడా వెయ్యకూడదు, లోపల ఉప్మా అసలొద్దు. చిన్నవి రెండు, పైన ఉల్లిపాయ, పనీరు తురుము, పక్కన పల్లీ చట్నీ, ముందుగా ఒక గిన్నె కూర. పెసల్లోనూ కార్బ్ ఉందిరా, కాకపోతే పీచూ ప్రోటీనూ బాగా ఉన్నాయి, పైగా రెండట్లలో పడేది కొంచెమే. రెండు గంటలకి చూస్తే 146. నాన్న మెషీన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి "బ్యాటరీ సరిగ్గా ఉందా" అన్నాడు.

ఇక్కడిదాకా బావుంది కదా. ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది.

ఐదో రోజు రాత్రి అట్టు కూడా ఒక్కటే చాలన్నాడు, సంతోషపడి సరేనన్నా. రాత్రి రెండింటికి నాన్న గొంతు వినిపించింది, "ఏమేవ్, పెరుగు తోడేశావా?" అని అమ్మని పిలుస్తున్నాడు. అమ్మ పూనాలో కదా! వెళ్లి లైటేస్తే బనీను మొత్తం చెమటకి తడిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి "మీ అమ్మ ఏదిరా" అంటున్నాడు. నాకు కాళ్లాడలేదు. వేలు గుచ్చితే 58. డెబ్భై కిందకి పోతేనే ప్రమాదంరా. ఇంకా మింగగలుగుతున్నాడు కాబట్టి గ్లాసు నీళ్లలో మూడు స్పూన్ల పంచదార కలిపి తాగించా, స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏం పొయ్యకూడదు, అంబులెన్సే. ఆ పదిహేను నిమిషాలు గడియారం వైపే చూస్తూ, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఆయన అలాగే నా మంచం మీద... సరే వదిలెయ్. మళ్లీ చూస్తే 84. అప్పుడు తేరుకుని నెమ్మదిగా "కొంచెం పెరుగన్నం పెడతావా" అన్నాడు. చిన్న గిన్నెడు కలిపి పెట్టా. ఒక్కో ముద్ద అంత ఇష్టంగా తినడం నేనెప్పుడూ చూడలేదు, పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నా.

పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. రాత్రి భోజనానికి ముందేసుకునే బిళ్లలో గ్లిమెపిరైడ్ ఉంది, అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్ని బయటికి తోస్తూనే ఉంటుందట. నాలుగు చపాతీల లెక్కకి రాసిన మోతాదు, ఒక్క అట్టుకి ఎక్కువైపోయింది. ఉత్త మెట్‌ఫార్మిన్ అయితే మామూలుగా ఇలా పడిపోదన్నారు. రాత్రి బిళ్ల మార్చారు, "తిండి మార్చేముందు నాకు చెప్పాలయ్యా" అన్నారు, ఆ మాట నిజం. అందుకే సత్తిగా, ఒట్టు, మీ అమ్మ బిళ్లల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని ముందు డాక్టర్ దగ్గరికెళ్లు, రాత్రి కార్బ్ తగ్గిస్తున్నామని చెప్పు, ఆ తర్వాతే పెసలు నానబెట్టు. ఆవిడకి క్రియాటినిన్, అదే కిడ్నీల కోసం చూసే పరీక్ష, అది కూడా కొంచెం ఎక్కువన్నావు కదా, పనీరు, పప్పులు, మీల్ మేకర్ ఎంత పెట్టొచ్చో అది కూడా అడుగు, నా కొలతలు చూసి పెట్టెయ్యకు. మంచం పక్కన పంచదార డబ్బా, స్పూను ఉంచు.

ఇప్పుడు రెండు అట్లు, కూర, ఆఖర్న మూడు స్పూన్ల పెరుగన్నం, అది ఆయన హక్కు. మొన్న 152, నిన్న 139. నిన్న అమ్మకి ఫోన్లో "వీడు నీకంటే బాగా..." అని ఏదో అంటుంటే నేను

కరెంటు వచ్చింది, ఇందాకటి నుంచీ పెసలు మిక్సీలోనే ఉన్నాయి. నాన్న పిలుస్తున్నాడు, ఏడు దాటితే ఒప్పుకోడు. ఆ గోరుచిక్కుడు కూర ఎలాగో రేపు రాస్తా, నువ్వు డాక్టర్ దగ్గరికెళ్లి ఫోన్ చెయ్యి.

నీ
బుజ్జిగాడు