ఎండలకు తీసిపెట్టిన పుస్తకాలు

పాపా,

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసులోనే ఉండిపోయింది. "రెండేళ్లలో ఒక్క పుస్తకం కూడా పూర్తి చేయలేదమ్మా, పది పేజీలు చదవగానే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది, నాకేదో అయింది" అన్నావు. నీకేం కాలేదు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఎనిమిది దాకా కంప్యూటర్ చూసే పిల్లవు, ఇంటికొచ్చాక మళ్లీ అక్షరాలంటే కళ్లు మొరాయించవా? ఈ మాట ఫోన్‌లో చెబితే "సరేలేమ్మా" అని వేరే సంగతిలోకి పోతావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

వచ్చే శనివారం నువ్వు బస్సు దిగేసరికి మధ్య గదిలో కిటికీ పక్క మంచం మీద కొన్ని పుస్తకాలు తీసిపెట్టి ఉంచుతా. పది రోజులు ఉంటానన్నావు కదా. వాటిలో ఏ ఒక్కటీ నువ్వు పూర్తి చేయనక్కర్లేదు. ఇది మాత్రం బాగా గుర్తు పెట్టుకో, ఎందుకంటే నువ్వు చిన్నప్పటి నుంచీ అన్నం పళ్లెం ఎట్లా ఖాళీ చేస్తావో పుస్తకం కూడా అట్లాగే ఖాళీ చేయాలనుకునే పిల్లవు, మధ్యలో వదిలేస్తే తప్పు చేసినట్టు మొహం పెడతావు. పరీక్షలు అయిపోయాయి పాపా. ఎవరూ ప్రశ్నలు అడగరు.

వేసవి పుస్తకానికి నేను చూసేది ఒక్కటే. చదువుతూ చదువుతూ కునుకు పట్టి, పుస్తకం మొహం మీద పడి, ఒక గంటకు మెలకువ వస్తే ఎక్కడ ఆపానా అని వెతుక్కునే పని ఉండకూడదు. ఏ పేజీ తెరుచుకుంటే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు అన్నట్టుండాలి. మే నెలలో మన కడపలో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా మనిషి చేయగలిగింది ఏముంది, తలుపులు వేసుకుని, కింద బండలను తడిగుడ్డతో తుడిచి, చాప కూడా లేకుండా వాటి మీద పడుకోవడమే కదా. మన నాపరాళ్ల చల్లదనం ఏ కూలర్‌కీ రాదు. వీపు చల్లగా, చేతిలో పుస్తకం, తల దగ్గర మజ్జిగ చెంబు. అలా పడుకున్నప్పుడు బరువైన పుస్తకం అయితే చేతులు నొప్పెడతాయి, బరువైన కథ అయితే మనసు నొప్పెడుతుంది. అందుకే ఏరి ఏరి తీశాను.

అన్నిటికంటే పైన చందమామ బైండు పెడుతున్నా. మా నాయన కుట్టినది, నీకు తెలుసు, కానీ నువ్వు ఇంజనీరింగ్‌లో చేరినప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదు. సంవత్సరం సంచికలు ఒకచోట పేర్చి, దబ్బనంతో బొక్కలు పొడిచి, పురికొసతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట అంటించారు. కుట్టేటప్పుడు లోపలికి ఎక్కువ పట్టేశారు, అందుకని మడత దగ్గరి అక్షరాలు సగం కనబడవు, బొటనవేలితో పేజీని విడదీసి పట్టుకుని చదవాలి. నేను చిన్నప్పుడు అలా విడదీసి విడదీసి కొన్ని పేజీల్లో ఆ చోట వేలిముద్ర నల్లగా పడిపోయింది. నీ వేలు కూడా అక్కడే పెట్టు, సరిగ్గా సరిపోతుంది.

ఆ పత్రిక 1947 జులైలో మద్రాసులో మొదలైంది. చక్రపాణితో కలిసి దాన్ని పెట్టిన నాగిరెడ్డిది మన జిల్లా పొట్టిపాడే. మా నాయన ప్రతి సంచిక తెచ్చినప్పుడల్లా ఈ మాట చెప్పేవారు, ఆ పత్రిక ఏదో మా బంధువులే వేస్తున్నంత గొప్పగా. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం, చిత్రా బొమ్మలు, శంకర్ గీసిన ఆ విక్రమార్కుడు, భుజాన శవం. ఇక సీరియళ్లు. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం. ఇవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అనే ఒకే ఒక మనిషి అని నాకు ఎంతో పెద్దయ్యాక గానీ తెలియలేదు, పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు మరి. పిల్లలు నెల నెలా ఆయన కోసం కాచుకుని కూర్చున్నారు, ఆయనెవరో తెలియకుండానే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇప్పుడు ఆ సీరియళ్లు పేరుతో సహా పుస్తకాలుగా వచ్చాయి, కానీ నువ్వు బైండులోనే చదువు. అందులో సంవత్సరం సంచికలే ఉన్నాయి కాబట్టి సీరియల్ మొదలూ దొరకదు, చివరా దొరకదు. ఎండాకాలానికి అంతకంటే ఏం కావాలి?

ఆ కింద అమరావతి కథలు. శంకరమంచి సత్యం రాసినవి, నూరు కథలు, ఒక్కోటి కొద్ది పేజీలే, పక్కన బాపు బొమ్మ. ఒక కథ చదివి కళ్లు మూసుకోవచ్చు. వీటిని మన ఊళ్లో ఎండాకాలంలోనే చదవాలని నేనంటాను. మొదటి కథలోనే కృష్ణకు వరద వచ్చి ఊరంతా నీళ్లు! ఇక్కడ మన పెన్నలో ఇసుక కాలుతుంటే, బోరులో నీళ్లు అడుగంటి మోటార్ గాలి లాగుతుంటే, ఆ పేజీల్లో నది నిండుగా పారుతూ ఉంటుంది, పడవలు పోతుంటాయి, తెల్లవారుజామున జనం స్నానాలు చేస్తుంటారు. చదువుతుంటే ఒంటికి చల్లగాలి తగిలినట్టు ఉంటుంది, నిజంగా చెబుతున్నా. విద్వాన్ విశ్వం పెన్నేటి పాట కూడా అల్మరాలో ఉంది గానీ, దాన్ని కావాలనే తీయలేదు. ఎండిన మన ఏటి గురించీ, మన మనుషుల ఆకలి గురించీ అంత గొప్పగా రాసినవాళ్లు లేరు, అయితే అది వానలు పడ్డాక చదవాల్సిన కావ్యం. మేలో చదివితే గొంతు ఎండిపోతుంది.

బుడుగు సంగతి నీకు చెప్పేదేముంది. సగం నీకు నోటికి వచ్చు. ఆరో తరగతి సెలవుల్లో ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ సీగానపెసూనాంబ గురించి చెప్పి చంపావు. నీకు ఎప్పుడైనా ఆఫీసు టెన్షన్ గుర్తుకొచ్చి మనసు కుదరకపోతే ముందు దాన్ని తెరువు. బారిష్టర్ పార్వతీశం కూడా అంతే, నూరేళ్ల కిందటి పుస్తకం, మొగలితుర్రు కుర్రాడు మద్రాసు మీదుగా ఓడెక్కి ఇంగ్లండు పోయే కథ, మొదటి భాగం చాలు. నువ్వు బెంగళూరు చేరిన మొదటి వారంలో లిఫ్టు గురించీ, క్యాంటీన్ కార్డు గురించీ నాకు ఫోన్ చేసి చెప్పినవన్నీ నాకు ఆ పుస్తకం చదువుతుంటే గుర్తొస్తాయి. కొత్త ఊరికి పోయిన పిల్లల బెదురు ఏ కాలమైనా ఒకటే.

తర్వాతది చూసి నువ్వు ఆశ్చర్యపోతావు. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ల పేర్లు. అది పరిశోధన గ్రంథం, ఆయన డాక్టరేట్ కోసం చేసినది. సెలవుల్లో థీసిస్ చదవమంటుందేంటి అమ్మ అనుకోకు. నాకు తెలిసి ఎక్కడ తెరిచినా చదవబుద్ధయ్యే పుస్తకం అది. రాత్రి కరెంటు పోయినప్పుడు మిద్దె మీద పడుకుని మేమంతా ఆడే ఆట ఒకటి ఉంది. ఒకరు ఊరి పేరు చెప్పాలి, మిగతావాళ్లు ఆ పేరు ఎలా వచ్చి ఉంటుందో ఊహించాలి. ఎర్రగుంట్ల సులువు. జమ్మలమడుగు అంటే మడుగులో జమ్ము పెరిగేదేమో అని మీ నాన్న. ఒంటిమిట్ట దగ్గర రోజూ గొడవే, ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. పొద్దున లేచి ఆ పుస్తకం తీసి ఊళ్ల పేర్లన్నీ తిరగేసేవాళ్లం. ఊరి పేరులో చెరువులు, చెట్లు, గుట్టలు, ఎప్పుడో పోయిన దొరలు, అన్నీ దాక్కుని ఉంటాయి. ఈసారి నువ్వూ తమ్ముడూ ఉంటారు కాబట్టి ఆట మళ్లీ మొదలుపెడదాం.

ఆయనవే కథలు కూడా ఉన్నాయి, 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన సంపుటం. అవి మధ్యాహ్నాలకు కాదు, సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లాక, రోజుకొకటి, అంతే. మన పల్లెలు, మన కరువు, మన రాజకీయాలు. చదివాక కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది. ఆయన 2023లో పోయారు. ఆ రోజు మీ నాన్న భోజనం చేయలేదు.

సెక్రటరీ నవల చూసి నవ్వకు. యద్దనపూడి సులోచనారాణిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది. 1985లో ఇంటర్ అయిపోయిన వేసవిలో ప్రొద్దుటూరులో అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకున్నాను, రోజుకు అర్ధరూపాయి. ఆ కొట్టతను పుస్తకం మీద మూడు వరసల పిన్నులు కొట్టి ఇచ్చేవాడు, అయినా చివరి పేజీలు ఎవరో చించుకుపోయారు. సరిగ్గా జయంతి, రాజశేఖరం ఏమవుతారో అనుకునే చోట అట్ట! నేను ఆ రోజంతా ఏడ్చినంత పని చేశాను. కొట్టతన్ని అడిగితే ఉన్నది చదువుకో అన్నాడు. పక్కింటి అక్క చదివిందని తెలిసి మధ్యాహ్నం రెండింటికి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా, ఆ మండే మట్టిలో పరిగెత్తుకుంటూ పోయి ముగింపు చెప్పించుకున్నాను. ఆమె చింతపండు పిసుకుతూ చెప్పింది, ఆ చేతులు కడుక్కునేదాకా కూడా నేను ఆగలేదు. పెళ్లయ్యాక ఈ సంగతి తెలిసి మీ నాన్న హైదరాబాద్ నుంచి కొత్త పుస్తకం తెచ్చి ఇచ్చారు. మంచం మీద పెట్టేది అదే. నీకు ఆ ప్రేమలు పాతకాలంగా అనిపించొచ్చు, అనిపించనీ. ఆ కాలంలో మాలాంటి ఆడపిల్లలకు తల ఎత్తుకుని ఉద్యోగం చేసే జయంతి ఎంత అండగా ఉండిందో మాకు తెలుసు.

ఒక రోజు సాయంత్రం బ్రౌన్ గ్రంథాలయానికి పోదాం. చిన్నప్పుడు ఒకసారి తీసుకుపోతే నిద్ర వస్తోందని గొడవ చేశావు. బ్రౌన్ దొర 1820లో మన కడపకు వచ్చి, తెలుగు మీద మనసు పడి, పండితులకు జీతాలిచ్చి తాటాకు పుస్తకాలన్నీ రాయించి పెట్టాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, ఊరూరా విరాళాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టారు. చిన్న వేమన పుస్తకం కూడా మంచం మీద పెడుతున్నాను, అరచేతిలో పట్టేది. నిద్రకు ముందు రెండు పద్యాలు చాలు.

నువ్వు వచ్చేటప్పుడు ఆ అలవాట్లు మార్చుకునే పుస్తకాలు, తెల్లవారుజామున లేచే పుస్తకాలు తేవద్దు. సంవత్సరమంతా నిన్ను నువ్వు సరిదిద్దుకుంటూనే ఉన్నావు, ఈ పది రోజులు ఎట్లా ఉన్నావో అట్లాగే పడుకో. ఫోన్ నేను దాచిపెట్టను, చిన్నపిల్లవు కావు. కానీ చార్జర్ మాత్రం వంటగదిలోనే ఉంటుంది.

బొరుగులు, వేయించిన చెనిక్కాయలు డబ్బాలో పోసి పెట్టాను. బేనీషాలు ఇంకా పుల్లగానే ఉన్నాయి, నువ్వు వచ్చేసరికి మగ్గుతాయి. కళ్లద్దాలు మర్చిపోవద్దు, పోయినసారి నావి పెట్టుకుని తలనొప్పి తెచ్చుకున్నావు.

చివరి పుస్తకం మంచం మీద ఉండదు, అవ్వ దగ్గర ఉంటుంది. నామిని రాసిన సినబ్బ కతలు. అవ్వకు చదువు రాదు కదా, ఎండలు మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం నేను చదివి వినిపిస్తున్నాను. మొదటి రోజు రెండు పేజీలు విని నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, తిరగేసి, వేలితో అక్షరాల మీద రుద్ది, "ఇదేందే, ఇవి మనం మాట్లాడుకునే మాట్లే గదా, పుస్తకాల్లో గూడా ఇట్లనే రాస్తారా?" అంది. అది చిత్తూరు యాస అవ్వా, మనది కాదు అంటే ఒప్పుకోలేదు. "ఆ పిల్లోడు మనోడే" అని ఖాయం చేసేసింది. ఎనభై రెండేళ్ల మనిషి, జీవితంలో మొదటిసారి తన మాటను అచ్చులో చూసుకుంది. అప్పటి నుంచి అన్నం తినగానే గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంటుంది, చదువు చదువు అని. నాకేమో గంట చదివితే గొంతు పట్టేస్తోంది, ఆమెకు వినబడాలంటే గట్టిగా చదవాలి. మొన్న సగంలో ఆపి, మిగతాది పాప వచ్చి చదువుతుందిలే అన్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున క్యాలెండర్ ముందు నిలబడి శనివారం ఇంకా ఎన్ని రోజులని అడుగుతోంది.

అమ్మ