మరకు కప్పు ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి,

వేల్స్ జాతీయ మ్యూజియంలో ఖర్చుల కోత గురించి 2024లో వార్తలు వచ్చినప్పుడు, 45 లక్షల పౌండ్ల లోటు, కనీసం 90 ఉద్యోగాలు అన్న అంకెలతో పాటు, కార్డిఫ్‌లోని ప్రధాన భవనం వానకు కారుతోందన్న సంగతి కూడా అందరి నోటా నలిగింది. ఆ చర్చలో రాని విషయం ఒకటుంది. అదే మ్యూజియానికి చెందిన సెయింట్ ఫాగన్స్ ప్రాంగణంలోని పిండి మరను చూసినవాడిగా దాన్ని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

మెలిన్ బొంప్రెన్ అనే ఈ నీటి మరను 1852-53లో కెరెడిగ్యోన్ ప్రాంతంలోని క్రాస్ ఇన్‌లో కట్టారు. దాన్ని అక్కడ విప్పి, ఇక్కడ తిరిగి నిలబెట్టి, 1977లో సందర్శకులకు తెరిచారు. వచ్చినవాళ్ళలో చాలామంది, మన తెలుగు కుటుంబాలతో సహా, చక్రం దగ్గర ఫొటో దిగి ముందుకు సాగిపోతారు. అసలు మర ఉన్నది లోపల.

ఇలాంటి మరల కట్టడమంతా గింజ నడకను బట్టి సాగింది. బస్తాలను చక్రం బలంతోనే పై అంతస్తుకు లాగుతారు. అక్కడి తొట్టెల్లోంచి గింజ తన బరువుకే నడి అంతస్తులోని రాళ్ళ మధ్యకు జారుతుంది, పిండి కింది అంతస్తులో సంచిలోకి దిగుతుంది. నిమిషానికి పది చుట్లయినా తిరగని బయటి చక్రం లోపలి రాయిని వంద చుట్లకు పైగా తిప్పగలగడం పళ్ల చక్రాల లెక్క వల్లే. ఆ చక్రాల్లో ఇనుప పళ్లు ఇనుప పళ్లతో రాసుకోకుండా, ఒకదానికి ఆపిల్ వంటి గట్టి కర్రతో చెక్కిన పళ్లు దిగగొట్టడం మామూలు. చప్పుడు తగ్గుతుంది, నిప్పురవ్వ లేవదు (పిండి దుమ్ము నిండిన గదిలో ఇది చిన్న సంగతి కాదు), ఏదైనా అడ్డుపడితే విరిగేది ఒక్క పన్నే.

ఇక రాళ్ళు. కింది రాయి కదలదు, పై రాయి దాన్ని తాకకుండా తిరగాలి. వాటి మధ్య సందు నడుమ కాస్త ఎక్కువగా ఉండి, అంచుకు వచ్చేసరికి కాగితం మందానికి దిగుతుంది. మర నడిపే ఆయన జారుతున్న పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, రాయిని వెంట్రుకవాసి పైకెత్తడం నేను చూశాను. ఆ రాళ్ళ కక్కు అరిగినప్పుడల్లా పై రాయిని లేపి, తిరగేసి, ఉలితో మళ్ళీ గాట్లు కొట్టాలి. మా అమ్మమ్మ తిరగలికి కక్కు కొట్టించడం చూసిన నాకు ఆ పని కొత్తగా అనిపించలేదు, కానీ ఇక్కడి రాయి బరువు తిరగలితో పోల్చదగ్గది కాదు.

నా విన్నపం ఈ పని గురించే. మరను తాళం వేసి ఉంచితే భద్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఆగిన కొయ్య చక్రం ఒక పక్క తడిసి, మరో పక్క ఎండి సమతూకం తప్పుతుంది, ఎండిన పళ్లు గూళ్లలో వదులవుతాయి. పెంబ్రోక్‌షైర్‌లోని కెరూలో ఆటుపోట్ల నీటితో నడిచిన నాలుగంతస్తుల మర 1937 తర్వాత ఆగిపోయింది. 1970లలో దాన్ని బాగుచేశారు. యంత్రాలను కళ్ళారా చూడవచ్చు, పిండి మాత్రం రాదు. కట్టడం నిలబడిందన్న సంతోషాన్ని నేను కాదనను, కానీ మెలిన్ బొంప్రెన్ కూడా అక్కడికే చేరాలని ఎవరూ కోరుకోరనుకుంటాను. కప్పు మరమ్మతుకు బడ్జెట్‌లో ఒక పద్దు దొరుకుతుంది, చేతి పనికి అంత సులువుగా దొరకదు.

ఈ మ్యూజియానికి నిధులిచ్చేది వేల్స్ ప్రభుత్వం. 2001 నుంచి ప్రవేశ రుసుము లేకుండా మన పిల్లలు కూడా దాన్ని చూస్తున్నారు. వేల్స్‌లో చట్టబద్ధంగా నివసించే భారతీయులకు అక్కడి శాసనసభ సెనెద్ ఎన్నికల్లో ఓటు ఉంది, మనలో చాలామంది దాన్ని నమోదు కూడా చేయించుకోరు. నమోదు చేయించుకుని, ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని ఒక్క మాట అడగమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: ఆ రాళ్ళకు కక్కు కొట్టడం తెలిసినవాళ్ళు మ్యూజియం జీతం మీద ఎందరున్నారు, వాళ్ళ దగ్గర ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు?

భవదీయుడు,
ఒక పాఠకుడు, కార్డిఫ్