గేటు దగ్గర కొలిచినవాళ్లు అప్పుడే చెప్పాల్సింది

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాని. సంక్రాంతి దాటిందంటే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలతోనే పొద్దు గూకుతుంది. పిల్లల్ని ఎక్కడికన్నా తీసుకెళ్లాలంటే వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడే. ఈసారి రాత్రి రైలెక్కి నలుగురం ఒక థీమ్ పార్కుకి వెళ్లాం. టికెట్లకే 5,200 రూపాయలయ్యాయి.

గేటు దగ్గర మా పాపని గోడకి నిలబెట్టి కొలిచారు. ఏడేళ్లది, 114 సెంటీమీటర్లుంది. 90 దాటింది కాబట్టి టికెట్ తీయాల్సిందే అన్నారు, తీశాం. లోపల మొదటి పెద్ద రైడ్ దగ్గర యాభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. మా వంతు వచ్చాక మళ్లీ కొలిచారు. అక్కడ గీత 120 దగ్గరుంది. పాప మునివేళ్ల మీద లేచింది. అక్కడున్న కుర్రాడు వంగి, దాని మడమలు నేలకి ఆనించి, "ఎక్కించలేను తల్లీ" అన్నాడు. అది మారు మాట్లాడకుండా చెప్పులు తొడుక్కుని వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. ఇంకో నాలుగు చోట్ల ఇదే వరస. మా అబ్బాయి ఎక్కగలిగినవాటిలో రెండు మరమ్మతులని ఆపేశారు. చివరికి పాప ఎక్కింది రంగులరాట్నం, బొమ్మ రైలు. అవి కోటప్పకొండ తిరునాళ్లలో ఎన్నిసార్లు ఎక్కిందో.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చిన్న ఒళ్లు అడ్డుకడ్డీ కింద నుంచి జారిపోతుంది, ఆ గీత పిల్లల ప్రాణం కోసం గీసిందే. నా బాధంతా గేటు దగ్గర జరిగినదాని గురించే. 114 ఉన్న పిల్ల ఏవి ఎక్కగలదో, ఆ రోజు ఏవి ఆగిపోయాయో డబ్బు తీసుకునేవాళ్లకి ముందే తెలుసు. చెప్పలేదు. ఆఫీసులో అడిగితే టికెట్ వెనక్కి తిప్పి, డబ్బు వాపసు ఉండదన్న లైను చూపించారు. మా యార్డులో టిక్కీ విప్పి, కాయ చేత్తో నలిపి చూడకుండా ఏ వ్యాపారీ రేటు చెప్పడు.

ఊరొచ్చాక తెలిసిన ప్లీడరు గారిని అడిగాను. కొనేవాడికి తెలియాల్సిన సంగతి కావాలని దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమేనట. పార్కు ఎక్కడున్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే కమిషన్‌కే వెళతాను.

ఇంత ఎత్తుకి ఈ రైడ్లు, ఇవాళ ఆగినవి ఇవి అని టికెట్ కౌంటర్ దగ్గరే తెలుగులో పెద్ద బోర్డు పెట్టించాలని అధికారులను కోరుతున్నాను. బడులు తెరిచేలోపు వెళ్లబోయే తల్లిదండ్రులు, దయచేసి డబ్బు కట్టకముందే పిల్లల ఎత్తు చెప్పి అడగండి.

— మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు