సాంటా తాత, కట్నం మూట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

క్రిస్మస్ కార్యక్రమం అయినప్పటి నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకూ తెలుసు, కాబట్టి ముందు ఆ సంగతే. ఏడో తరగతి అమ్మాయి మైకు పట్టుకుని "సాంటా తాత మొదట ఇచ్చింది బొమ్మలు కాదు, కట్నం డబ్బులు" అంది. పండగ పూట కట్నం మాటేమిటని కొందరు, "మా ఎల్‌కేజీ వాడు సాంటా లేడా అని ఏడుస్తున్నాడు మేడమ్" అని ఇంకొందరు ఫోన్లు చేశారు.

ఆ అమ్మాయి తప్పేం చెప్పలేదండీ. సాంటా కథకి మూలమైన నికొలస్ నాలుగో శతాబ్దంలో మైరాకి బిషప్. ఇప్పటి టర్కీలోని దెమ్రె అన్నమాట. చితికిపోయిన ఒక తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు, కట్నం లేక పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఈయన రాత్రిపూట ఎవరి కంటా పడకుండా కిటికీలోంచి బంగారం మూటలు విసిరాడని కథ. డచ్చివాళ్ళ నోట సింటర్‌క్లాస్ అయి, అమెరికా చేరాక సాంటాక్లాజ్ అయ్యాడు. ఇదంతా ఆ అమ్మాయి లైబ్రరీలో కూర్చుని వెతుక్కున్నదే, ఎవరూ రాసివ్వలేదు. దిగొచ్చాక "కట్నం అడిగినవాళ్ళని ఆయన ఒక్క మాటైనా అనలేదేం మేడమ్?" అని నన్నే నిలదీసింది. నాకు జవాబు తట్టలేదు. ఇంట్లో అడిగితే మీరైనా చెప్పండి, "నోర్మూసుకుని అన్నం తిను" అనకుండా.

ఇక నాలుగో తరగతి వాళ్ళు చెప్పిన ఇంగ్లీషు సాంటా పద్యం. 'ఎ విజిట్ ఫ్రమ్ సెయింట్ నికొలస్' 1823 డిసెంబర్ 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో, ఒక పత్రికలో పేరు లేకుండా అచ్చయింది. 1844లో క్లెమెంట్ మూర్ అనే ఆచార్యుడు తను రాసిందేనని తన పద్యాల పుస్తకంలో వేసుకున్నారు. కాదు, మా హెన్రీ లివింగ్‌స్టన్ రాసిందని ఆ కుటుంబం వాళ్ళు అంటారు. 56 పాదాలూ కాగితం చూడకుండా చెప్పారు పిల్లలు! రెయిన్‌డీర్ల పేర్ల దగ్గర ఒక బుడ్డోడు ఎనిమిదింటినీ ఒక్క ఊపిరిలో లాగేసి, చివర గట్టిగా గుటక వేశాడు. (ఎర్రముక్కు రెయిన్‌డీర్ రుడాల్ఫ్‌ని వదిలేశారేం అన్నవారికి: వాడు ఇంకో కథలో, 1939లో పుట్టాడు.) తలుపు దగ్గర నిలబడి విన్న మా తెలుగు మాస్టారు "ఇది తోటకం నడకండీ" అన్నారు. తోటకం మన ఛందస్సులో ఒక వృత్తం. రెండు లఘువులు, ఒక గురువు, సగణం; పాదానికి నాలుగు. ఇంగ్లీషులో లెక్క ఒత్తులది, మనకి గురులఘువులది, అయినా చెవికి అదే దౌడు. మర్నాడు అదే పిల్లలు అదే వృత్తంలో శంకరాచార్యుల మీద ఉన్న తోటకాష్టకం మొదటి పాదం బల్ల మీద దరువేస్తూ అందుకున్నారు. బట్టీ అని తీసిపారేయకండి. నోటికి వచ్చిన పద్యం పిల్లల సొంత ఆస్తి, కరెంటు పోయినా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఒక్క పద్యం చెప్పించుకోండి, వేమనదైనా సరే.

మీరు ఎంతో ప్రేమతో పిల్లల చార్టులు చేసిపెడుతున్నారు, సంతోషం. కానీ ఒకే స్టేషనరీ షాపు సాంటా స్టిక్కరు పదకొండు చార్టుల మీద నవ్వుతుంటే మార్కులు ఎవరికి వేయాలో మా టీచర్లకి తెలియడం లేదు. ముందు వరసలో ఫోన్లు పైకెత్తినవాళ్ళకీ నా ధన్యవాదాలు. వెనక కూర్చున్న అమ్మమ్మలకి మనవళ్ళు మీ స్క్రీన్లలోనే కనిపించారు.

సంక్రాంతి సెలవుల తేదీలు డైరీలో రాయించాం, బస్సు ఫీజు బాకీలు ఈలోపు కట్టేయండి.

స్టేజీ వెనక మూడు తెల్ల గడ్డాలు, ఒక ఎడమ కాలి బూటు మిగిలాయి. ఆఫీసులో ఉన్నాయి, తీసుకెళ్ళండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు